గుడ్డ ఎవరిచ్చారు?

కొత్త కారు మీద గీతలు ఎలా పడ్డాయన్నదే తగువు. మామయ్య అనుమానం సందుల్లో ఒరుసుకుంటూ పోయే స్కూటర్ల మీద, సెల్లార్‌లో సైకిళ్లు తొక్కే పిల్లల మీద. మేనల్లుడు మాత్రం ఒక్కదాన్నే పట్టుకున్నాడు: పొద్దున్నే కారు తుడిచే పాత బనియన్ గుడ్డని.

ఇద్దరూ చేతిపని తెలిసినవాళ్లే. మామయ్య ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. మేనల్లుడు విజయవాడ ఆటోనగర్‌లో ఒక బాడీ షాపులో పెయింటర్. లప్పం పెట్టడం దగ్గర్నుంచి బఫింగ్ దాకా అతని చేతి మీదుగానే నడుస్తుంది. పటమటలో ఒకే అపార్ట్‌మెంట్‌లో రెండు కాపురాలు. అందుకే ఈ వాదన ఒక పూటతో తేలలేదు. సెల్లార్‌లో మొదలై మెట్లెక్కింది, భోజనాల దగ్గర కూర్చుంది, చివరికి వాషింగ్ మిషన్ దాకా వెళ్లింది.

“బోనెట్ మీద ఫోను లైటు వెయ్యండి మామయ్యా.”

వేస్తే, నల్లటి బోనెట్ మీద లైటు చుట్టూ సన్నటి గీతలు, గుండ్రంగా, వందల కొద్దీ.

“ఇవి స్కూటర్ గీతలా? స్కూటర్ బోనెట్ మీద ప్రదక్షిణ చేసి వెళ్తుందా?”

“ఎవడో కావాలని గీకాడు.”

“ఎవడూ గీకలేదు. అసలివి గుండ్రంగా కూడా లేవు. అడ్డదిడ్డంగా అన్ని వైపులా ఉన్నాయి. లైటుకి అడ్డంగా ఉన్నవే మెరుస్తాయి కాబట్టి చుట్టలా కనిపిస్తుంది. లైటు పక్కకి జరపండి, చుట్ట కూడా జరుగుతుంది.”

జరిపితే జరిగింది. అంతమాత్రానికి ఒప్పేసుకునే మనిషి కాదు మామయ్య. “నలుపు కొనొద్దని మీ అత్తయ్య చెప్పనే చెప్పింది. తెల్లది కొనుంటే ఈ గోలే లేదు.”

“తెల్లదానికీ పడతాయి. కనపడవంతే.”

అక్కడ మామయ్య తన అసలు ఆయుధం తీశాడు: అంబాసిడర్. తను చేతులు నల్లగా చేసుకున్న రోజుల్లో అంబాసిడర్లని కిరసనాయిలు గుడ్డతో తుడిచేవాళ్లట. రబ్బింగ్ పాలిష్ కొట్టి, పైన మైనం రాస్తే మొహం చూసుకోవచ్చట. ఆ బండికి లేని సుకుమారం ఈ బండికి ఎక్కడిదని ప్రశ్న. ప్రశ్న బాగానే ఉంది. జవాబు కోసం పెయింట్ పొరల్లోకి దిగాలి.

“ఆ రోజుల్లో తుడిచిన గుడ్డకి కారు రంగే అంటేది, గుర్తుందా?” అన్నాడు మేనల్లుడు.

“అంటేది. మెరూన్ కారైతే గుడ్డ ఎర్రగా అయ్యేది.”

“అది మురికి కాదు, పెయింటే. అప్పుడు రంగే పై పొర. ఎండకి పైపైన పొడిబారిపోయేది. మీరు రుద్దితే ఆ పొడి లేచిపోయి కింద తాజా రంగు బయటపడేది. మెరుపు వచ్చిందనుకునేవాళ్లు. నిజానికి కారుని కొంచెం కొంచెం అరగదీసేవాళ్లు. మందంగా ఉండేది కాబట్టి అన్నాళ్లు సాగింది.”

ఇప్పటి కారు సంగతి వేరు. రేకు మీద తుప్పు పట్టకుండా కరెంటు సాయంతో పట్టించే మొదటి పూత, దాని మీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికన్నా పైన ఏ రంగూ లేని క్లియర్ కోటు. అన్నీ కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో క్లియర్ కోటు వాటా 40, 50 మైక్రాన్లే. మనిషి తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లని గుర్తు చేసుకుంటే, లక్షలు పోసి కొన్న మెరుపంతా వెంట్రుకకన్నా పలచటి పొరలో ఉందన్నమాట. రంగుని ఎండ నుంచి కాపాడేదీ అదే. గీతలు పోగొట్టాలని పాలిష్ పట్టిన ప్రతిసారీ అది ఇంకాస్త తరుగుతుంది. పూర్తిగా పోయినచోట కింద రంగు పాలిపోతుంది. పాత కార్ల టాపు మీద తెల్లటి మచ్చలుగా, పొలుసులుగా లేచి కనిపించేది అదే.

“అయితే బస్సులో? బస్సుని ఎవడైనా పట్టు గుడ్డతో తుడిచాడా?”

“పాతబడ్డ బస్సుకి మీ డిపోలోనే మళ్లీ రంగేసేవాళ్లు కదా. మీరు కారుకి మళ్లీ రంగేయించుకుంటారా?”

మామయ్య ఆ ప్రశ్నని గాలికి వదిలేశాడు. బాడీ షాపు రేట్లు ఆయనకి తెలుసు.

తరువాతి వాదన దుమ్ము గురించి. ఇందులో మేనల్లుడిది గట్టి పక్షం. రోడ్డు దుమ్ములో ఉన్నది మెత్తటి మన్ను ఒక్కటే కాదు, ఇసుక కూడా. ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్‌జ్. ఖనిజాల గట్టిదనాన్ని ఒకటి నుంచి పది దాకా కొలిచే మోస్ కొలమానంలో దానిది 7. మామూలు గాజుది 5.5 ప్రాంతం. అంటే ఇసుక గాజునే గీస్తుంది. పొడి అద్దం మీద వైపర్ తిప్పేవాళ్ల ముందద్దం మీద కనిపించే అర్ధచంద్రాకారపు గీతలు అలా పడ్డవే. గాజుకే దిక్కులేనప్పుడు క్లియర్ కోటు ఎంత? కృష్ణ ఇసుక లారీలు తిరిగే ఊళ్లో, ఎప్పుడూ ఏదో ఒక ఫ్లైఓవరో, అపార్ట్‌మెంటో లేస్తున్న ఊళ్లో, రాత్రంతా పడిన దుమ్ముని పొద్దున్నే పొడిగుడ్డతో రుద్దడమంటే గరుకు కాగితం వాడినట్టేనని అతని మాట.

“మరి దుమ్ముతోనే తిరగమంటావా? పెళ్లికెళ్తే ఎవరింటి కారురా ఇది అంటారు.”

“దుమ్ము తన మానాన తను కూర్చుంటే గీత పడదు మామయ్యా. మనం దాన్ని నొక్కి లాగితేనే పడుతుంది. ముందు నీళ్లు పోసి దించెయ్యాలి. చెయ్యి తరవాత.”

దీనికి అతనిచ్చిన ఉదాహరణ ఊరందరికీ తెలిసిందే. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్లన్నీ మునిగాయి. నీళ్లు తీశాక ఫైరింజన్లు తెచ్చి ఇళ్లు కడిగారు. కార్ల మీద పట్టిన ఒండ్రు ఎండి పెచ్చులు కట్టింది. కంగారులో గోనెసంచితో, చీపురుతో, దొరికినదానితో తోమేసిన కార్లు ఒక రకంగా షాపుకి వచ్చాయి; ఒండ్రుని నీళ్లతో నానబెట్టి, దానంతటది జారేదాకా ఆగినవాళ్ల కార్లు మరో రకంగా వచ్చాయి. మునిగిన ఇంజను ఎలాగూ రెండింటికీ ఒకటే బాధ. పెయింట్ మాత్రం ఒకటి కాదు.

“ఆగడానికి లేనివి కొన్నున్నాయి,” అని తనే ఒప్పుకున్నాడు. పక్షి రెట్ట అందులో మొదటిది. దానిలో యూరిక్ ఆమ్లం ఉంటుంది. అంతకన్నా పెద్ద బాధ ఎండది: మే నెల ఎండలో కాలిన క్లియర్ కోటు కాస్త మెత్తబడి వ్యాకోచిస్తుంది, రాత్రికి చల్లబడి రెట్ట చుట్టూ బిగుస్తుంది. అప్పుడు రెట్ట తీసినా అచ్చు మిగులుతుంది. గోటితో గీకకుండా, తడిగుడ్డని దాని మీద కొన్ని నిమిషాలు పరిచి ఉంచి, మెత్తబడ్డాక పైకెత్తి తీసెయ్యాలి. చెట్ల మీది పురుగులు విడిచే జిగట, విశాఖలోనో కాకినాడలోనో సముద్రపు గాలి తెచ్చే ఉప్పు కూడా ఇదే జాబితాలోవి. ఉప్పు సంగతి మామయ్యకి బాగా తెలుసు. న్యూజెర్సీలో ఉన్న ఆయన కూతురు చలికాలమంతా కారు అడుగుభాగం కడిగిస్తూనే ఉంటుంది. అక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు.

పూజ విషయంలో మాత్రం ఇద్దరికీ కొంచెం చురుక్కుమంది. కొత్త కారుని ఇంద్రకీలాద్రి దగ్గర పూజ చేయించి తెచ్చారు. బోనెట్ మీద పసుపుతో స్వస్తిక్, కుంకుమ బొట్లు, గంధం.

“అది కూడా తప్పేనంటావా?”

“పెట్టడం తప్పనలేదు. వారం రోజులు ఉంచి పొడిగుడ్డతో గీకడం గురించి అంటున్నా. పొడి కుంకుమలో నలకలుంటాయి.”

“కొత్త బండి బొట్టు మర్నాడే చెరిపేస్తే మీ అత్తయ్య ఊరుకుంటుందా?”

పసుపు విషయంలో తొందరేమీ లేదని మేనల్లుడే సర్దాడు. దానికి రంగునిచ్చే కర్క్యుమిన్ వెలుతురికి తట్టుకోలేదు. ఎండలో నిలబెడితే మరక దానంతటదే వెలిసిపోతుంది. నీళ్లు పోసి మెత్తబరిచి దించితే చాలు. దండలు అంటించిన టేపు జిగురే అసలు దొంగ. అది ఎండకి కాలి పెయింట్‌కి పట్టేస్తుంది. ఈసారి దసరాకి దండని తాడుతో కట్టడానికి మామయ్య సరేనన్నాడు. బొట్టు సంగతి తేలలేదు.

నీళ్ల దగ్గరికి వచ్చేసరికి తూకం మామయ్య వైపు మొగ్గింది.

“నువ్వేమో ముందు నీళ్లు పొయ్యి, నడుమ నీళ్లు పొయ్యి, ఆఖర్న నీళ్లు పొయ్యి అంటావు. బెంగళూరు గుర్తులేదా?”

2024 మార్చిలో నీటి ఎద్దడి ముదిరినప్పుడు బెంగళూరు జలమండలి తాగునీటితో కార్లు కడగడాన్ని నిషేధించి, 5,000 రూపాయల జరిమానా పెట్టింది. ఆ వేసవిలోనే, మే నెలాఖరున, పైపుతో కార్లు కడిగేవాళ్లకి ఢిల్లీ ప్రభుత్వం 2,000 రూపాయల జరిమానా ప్రకటించింది. పైపు పెట్టి కడిగితే నిమిషానికి పదిహేను లీటర్ల దాకా పోతాయి. ఇరవై నిమిషాలు కడిగితే 300 లీటర్లు. నగరాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లు అందాలన్నది కేంద్ర ప్రమాణం. ఒక కారు ఇద్దరు మనుషుల వాటాని మించి తాగేస్తోంది.

“పైపు నేనూ ఒప్పుకోను. బకెట్లూ, మగ్గూ చాలు. మూడు బకెట్లు, 45 లీటర్లు. వాటర్ సర్వీసింగ్ సెంటర్‌లో పెట్టే ప్రెషర్ గన్ లాంటిది చిన్నది ఇంటికి కొనుక్కున్నా నిమిషానికి ఆరు లీటర్లే. కాకపోతే దాన్ని అడుగు దూరంలో పట్టుకోవాలి. దగ్గరికి పెడితే పెచ్చు లేచిన పెయింట్‌ని ఊడబీకుతుంది.”

“నాకు ఒక్క బకెట్ చాలు. అది కూడా వృథాగా పోయే ఆర్వో నీళ్లు.”

మామయ్య గర్వంగా చెప్పుకునే పొదుపు అది. ఫిల్టర్ గొట్టంలోంచి బయటికి పోయే నీళ్లని డబ్బాల్లో పట్టి కారుకి వాడతాడు. మేనల్లుడు నెత్తి కొట్టుకున్నాడు. ఫిల్టర్ నాలుగు లీటర్ల బోరునీళ్లు లోపలికి తీసుకుని ఒక లీటరు మంచినీళ్లిస్తుందనుకుంటే, నాలుగు లీటర్లలో ఉన్న ఉప్పు దాదాపుగా ఆ మూడు లీటర్లలోకే చేరుతుంది. తాగే నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకి 500 మిల్లీగ్రాములు మించకూడదని, వేరే దారి లేకపోతే 2,000 దాకా పరవాలేదని బీఐఎస్ ప్రమాణం. బోరునీళ్లు ఆ మొదటి గీతని అలవోకగా దాటేస్తాయి. అవి కారు మీద ఎండితే నీళ్లు పోతాయి, కాల్షియం మిగులుతుంది. నల్ల కారు మీద తెల్లటి ఉంగరాల్లా కనిపించే మచ్చలు అవే. కొత్తవైతే వెనిగర్‌లో సగానికి సగం నీళ్లు కలిపి తుడిచి, వెంటనే మంచినీళ్లతో కడిగితే పోతాయి. పాతబడితే పాలిష్ పట్టాల్సిందే. మళ్లీ ఆ పలచటి పొర తరుగుతుంది.

“అయితే పారబోయమంటావా?”

“పారబోయొద్దు. టైర్లకి, రబ్బరు మ్యాట్లకి, మడ్‌గార్డుల లోపల బురదకి అవే వాడండి. ఒంటి మీద ఆఖరి నీళ్లుగా మాత్రం వద్దు. దానికి మీ ఏసీ ఉందిగా.”

ఏసీ గొట్టంలోంచి కారేవి గాల్లోని తేమ నుంచి చల్లబడి దిగిన నీళ్లు. వాటిలో ఉప్పులుండవు. విజయవాడ ఉక్కపోతలో టన్నున్నర ఏసీ రాత్రంతా నడిస్తే అర బకెట్‌కి పైనే వస్తాయి. కాయిల్ మీది దుమ్ము, నాచు కలిసి రావచ్చు కాబట్టి గుడ్డలో వడకట్టాలి. ఆఖర్న వాటితో ఒకసారి తడిపి తుడిస్తే మచ్చ పడదు. డబ్బు ఖర్చు లేని ఈ సలహా మామయ్యకి ఎంతో నచ్చింది. నచ్చిందని చెప్పలేదు, బాల్కనీలో గొట్టం కింద బకెట్ పెట్టాడు.

సబ్బు దగ్గర గొడవ తక్కువ. బట్టల సబ్బు పొడిలో వాషింగ్ సోడా ఉంటుంది, క్షారగుణం ఎక్కువ. మైనం పూతని లాగేస్తుంది, కరగని పలుకులుంటే గీతలు కూడా. గిన్నెలు తోమే ద్రవం జిడ్డు మీదికి దూకడానికే తయారైంది, అది కూడా మైనాన్ని మిగల్చదు. మామయ్య వాడేది తలకి రాసుకునే షాంపూ ప్యాకెట్. మేనల్లుడు నవ్వుతాడనుకుంటే నవ్వలేదు.

“అది నయమే. కారు షాంపూ అంత జారుడు ఉండదు, జుట్టుకి కలిపినవేవో కాస్త పొరగా మిగులుతాయి. సబ్బు పొడి కన్నా వెయ్యి రెట్లు మేలు.”

“కుంకుడు రసమో? పట్టుచీరకి, బంగారానికి పనికొచ్చేది కారుకి రాదా?”

“వడకట్టి వాడితే నేనేం కాదనను. పిప్పి మిగిలితే మాత్రం మళ్లీ నా దగ్గరికే వస్తారు.”

డీజిల్‌తో టైర్లు తుడవడం, కొబ్బరినూనె డాష్‌బోర్డుకి రాయడం, బాత్రూం యాసిడ్‌తో అల్లాయ్ వీల్స్ కడగడం: ఈ మూడింటి మీదా మేనల్లుడు ఒక్కమాటలో తీర్పు చెప్పేశాడు. పెట్రోలియం నూనెలకి రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, నూనె దుమ్ముని పిలుస్తుంది, యాసిడ్ అల్లాయ్ మీది పూతని తినేస్తుంది. డీజిల్ సంగతి తనకీ తెలుసని మామయ్య ఒప్పుకున్నాడు. తెలిసి కూడా ఎందుకు రాశాడో చెప్పలేదు.

ఇక రెండు బకెట్ల పద్ధతి. ఒకదాంట్లో షాంపూ నీళ్లు, ఇంకోదాంట్లో ఉత్త నీళ్లు. కారు కడిగే గ్లౌజుని షాంపూలో ముంచి ఒక తలుపు తుడిచి, ఉత్త నీళ్లలో జాడించి, పిండి, అప్పుడు మళ్లీ షాంపూలో ముంచాలి. పైనుంచి కిందికి రావాలి. టాపు, అద్దాలు, బోనెట్, తలుపుల పైభాగం, చివర్న కింది అంచులు. చక్రాలకి వేరే బ్రష్, వేరే నీళ్లు, ఎందుకంటే వాటి మీదున్నది బ్రేకుల్లోంచి రాలిన ఇనప పొడి. ఎండలో, కాలుతున్న బోనెట్ మీద అసలు కడగకూడదు; సబ్బు అక్కడికక్కడే ఎండిపోతుంది. కడిగాక నాలుగడుగులు నడిపి బ్రేకులు తొక్కితే డిస్కుల మీది తడి ఆరుతుంది, తెల్లారేసరికి తుప్పు పొర కట్టదు. ఈ చివరిది చెప్పింది మామయ్యే.

“నీళ్లు దండగని నువ్వే అంటూ రెండో బకెట్ ఎందుకురా?”

“కడగడం అయ్యాక దాని అడుగున చూడండి.”

చూస్తే అడుగున పలచగా ఇసుక. ఒక్క బకెట్టే అయితే ఆ ఇసుక మళ్లీ గ్లౌజుకి పట్టి కారెక్కేది. మట్టి అడుగున ఉండిపోవడానికి బకెట్‌లో వేసే చిల్లుల ప్లాస్టిక్ చట్రం ఒకటి అమ్ముతారు. మామయ్య దాన్ని ఫోన్‌లో చూసి, ధర చూసి, ఫోను పక్కన పెట్టి, ఇంట్లో మూల పడున్న గంజి వార్చే సిబ్బి తెచ్చాడు. పీవీసీ పైపు ముక్కలు కోసి దానికి కాళ్లు పెట్టాడు. బకెట్‌లో సరిగ్గా కూర్చుంది. అంచు కొంచెం గరుగ్గా ఉందని మేనల్లుడు అంటే ఆకురాయితో రాసి నున్నగా చేశాడు. కొన్నదానికన్నా ఇదే బాగుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం కూడా.

ఇంతవరకూ వాదన ఇద్దరిదే. మూడో గొంతు సెల్లార్‌లో పంపు దగ్గర్నుంచి వచ్చింది. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ రోజూ పదిహేను కార్లు తుడుస్తాడు. ఒకే బకెట్. మొదటి కారుకి నీళ్లు తేటగా ఉంటాయి, పదో కారుకి చాయ్ రంగులో ఉంటాయి. మామయ్య గీతల నేరం చివరికి అతని మీదికి తోసేసరికి అతను ఊరుకోలేదు.

“నీళ్లు మార్చడానికి నాకేం బాధ సార్? రెండుసార్లు పట్టుకుంటే మోటార్ ఊరికే వేస్తున్నావని అసోసియేషన్‌వాళ్లు అడుగుతారు. ఇక గుడ్డంటారా, అది మీరిచ్చిందే. మీ బనియనే.”

కాదనడానికి లేదు. లక్షల బండికి ఇంట్లో ఇక దేనికీ పనికిరాని గుడ్డని ఇవ్వడం ఊరూరా ఉన్న మర్యాదే. బనియన్ నూలు మెత్తనే. దాని కుట్టు, అంచు పట్టీ మెత్తన కావు. పైగా అదే గుడ్డ మొన్న పక్క కారు చక్రం తుడిచి వచ్చింది.

“రోజూ తుడవొద్దు. వారంలో రెండుసార్లు అద్దాలు, అద్దాలే, తడిగుడ్డతో. మిగతాది ఆదివారం మేం చూసుకుంటాం,” అన్నాడు మేనల్లుడు.

“అయితే డబ్బులు తగ్గిస్తారా సార్?”

మేనల్లుడు తడుముకున్నాడు. మామయ్య తడుముకోలేదు. “పని తక్కువ చెయ్యమన్నది మేము. నీ డబ్బులెందుకు తగ్గుతాయి? ఇదిగో మా కారుకి వేరే గుడ్డ. ఇది ఇంకో కారుకి తగలకూడదు.” వాచ్‌మన్ తలూపాడు గానీ, పదిహేను కార్లకి పదిహేను గుడ్డలు ఎక్కడ ఆరేసుకోవాలన్న అతని ప్రశ్న అలాగే ఉంది. ఆ సెల్లార్‌లో దండెం కట్టుకునే చోటు లేదు.

షోరూంలో చెప్పిన సెరామిక్ కోటింగ్ గురించి అడిగితే మేనల్లుడు ఖర్చు వద్దనే మామయ్య పక్షంలోకి దూకేశాడు. వేలకి వేలు పోసి వేయించుకుంటే గీతలే పడవని చెప్పారట, తొమ్మిది హెచ్ గట్టిదనమట. ఆ లెక్క పెన్సిళ్లది. రకరకాల గట్టిదనం ఉన్న పెన్సిళ్లని పూత మీద నొక్కి తోసి, దేనికి గీత పడుతుందో చూసే పరీక్ష అది. 9హెచ్ అంటే ఆ వరసలో ఆఖరి పెన్సిల్. ఇసుక పెన్సిల్ కాదు. కోటింగ్ వల్ల నీళ్లు నిలవకుండా జారతాయి, మురికి తొందరగా వదులుతుంది, అది నిజమే. మురికిగుడ్డతో రుద్దితే గీత దాని మీద కూడా పడుతుంది. బ్రెజిల్‌లో ఒక రకం తాటి జాతి చెట్టు ఆకుల మీంచి దులిపి తీసే కార్నౌబా మైనం చవగ్గా అలాంటి పనే చేస్తుంది, కాకపోతే కొన్ని వారాలకోసారి రాసుకోవాలి. మామయ్య చేతులకి పని కావాలి కాబట్టి మైనమే ఖాయమైంది.

సామాను ఎక్కడ పెట్టాలన్నది ఇద్దరూ పోట్లాడుకోకుండా మాట్లాడుకున్న ఒకే ఒక్క విషయం. డిపో స్టోర్‌లో మామయ్య నేర్చుకున్న క్రమశిక్షణ అక్కడ అక్కరకొచ్చింది. సీసాలు డిక్కీలో ఉంచకూడదు. ఎండలో మూసి ఉన్న కారు లోపల 50 డిగ్రీలు దాటడం మన వేసవిలో మామూలే, స్ప్రే డబ్బాల మీద అంతకు మించి వేడి తగలనివ్వొద్దని రాసే ఉంటుంది. దేన్నీ కూల్‌డ్రింక్ సీసాలో పోయకూడదు, పిల్లలున్న ఇంట్లో మరీను. షాంపూని అవసరమైనంతే నీళ్లలో కలపాలి, కలిపింది నిలవ పెట్టకూడదు. బకెట్లు కడిగి బోర్లించాలి. స్పాంజిని సబ్బు పోయేదాకా పిండి గాలికి ఆరనివ్వాలి, తడిగా వదిలేస్తే కంపు కొడుతుంది. గొట్టం డబ్బాలో వచ్చే పసుప్పచ్చ షామీ గుడ్డని తడిగా మూతపెట్టి వదిలేస్తే బూజు. కడిగి ఆరబెడితే చెక్కలా బిగుసుకుంటుంది, భయపడక్కర్లేదు, నానబెడితే మళ్లీ మెత్తబడుతుంది.

మైక్రోఫైబర్ గుడ్డల దగ్గర మళ్లీ రాజుకుంది.

“ప్లాస్టిక్ గుడ్డ కదరా ఇది?”

“ప్లాస్టిక్కే. పాలియెస్టరు, నైలాను. పోగుని చీలికలుగా చీల్చి నేస్తారు. ఆ సందుల్లోకి దుమ్ము ఎక్కుతుంది, అందుకే కారు మీద ఈడ్చదు.”

“ఎక్కింది దిగొద్దా?”

“అదే నేను చెప్పేది. మీరు కారు కడుగుతారు, గుడ్డ కడగరు.”

మామయ్య ఊరుకోలేదు. ఉతికిన ప్రతిసారీ ఆ పోగులు రాలి కాలవలోకి పోతాయని ఆయన వాదన. బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ పక్కన పెరిగిన మనిషి ఆయన. నగరం మురుగు వాటిల్లో కలవడం ఆయనకి పాత కోపం. ఈ మాటకి మేనల్లుడి దగ్గర పూర్తి జవాబు లేదు. పోగులు రాలేది నిజమే. తక్కువ గుడ్డలు కొని ఎక్కువ కాలం వాడదామని మాత్రం అనగలిగాడు.

ఎక్కువ కాలం వాడటానికి వరస ఒకటి చెప్పాడు. కొత్త గుడ్డ పెయింట్‌కి. అది నేల మీద పడినా, గరుకెక్కినా తలుపు సందులకి. అక్కడ్నుంచి చక్రాలకి. ఆఖర్న బైకు చెయినుకి. వినగానే మామయ్య మొహం విచ్చుకుంది. పంచె చిరిగి తువ్వాలయ్యి, తువ్వాలు చిరిగి మసిగుడ్డయ్యే ఇంట్లో పుట్టినవాడికి ఇది కొత్త పాఠం కాదు. ఒక్కో దశకి ఒక్కో మూల కత్తిరించి గుర్తు పెట్టాలన్నది ఆయన చేర్పు: ఒక మూల పోతే తలుపులది, రెండు మూలలు పోతే చక్రాలది.

ఉతకడానికి నియమాలు ఎక్కువే. నూలు బట్టలతో కలపకూడదు, వాటి నూగంతా దీనికి అంటుకుంటుంది. బట్టలు మెత్తబడటానికి, వాసనకి పోసే కండిషనర్ పడకూడదు, పోగుల సందులు మూసుకుపోయి గుడ్డ నీళ్లు పీల్చడం మానేస్తుంది. బ్లీచింగ్ వద్దు, మరిగే నీళ్లు వద్దు, ఇస్త్రీ అసలే వద్దు. పోగు కరిగి గట్టిపడితే ఆ కొసే గీస్తుంది. చక్రాల గుడ్డలు వేరే విడత. ఆరేసేది ప్రహరీ గోడ మీద కాదు, సిమెంటు పలుకులు ఎక్కుతాయి. నీడలో దండెం మీద. ఆరాక మూత ఉన్న డబ్బాలో.

“ఇవన్నీ మీ అత్తయ్యకి నువ్వే చెప్పు,” అన్నాడు మామయ్య.

అత్తయ్య మిషన్ దగ్గరే ఉంది. మొత్తం విన్నది.

“నా మిషన్‌లో కారు గుడ్డలా? పిల్లల యూనిఫాంలు వేసే దాంట్లో?”

“వేరే విడత వెయ్యొచ్చు అత్తయ్యా, వాటితో కలపక్కర్లేదు.”

“ఏ విడతా లేదు. ఆ సిబ్బి కూడా నాదే, అడక్కుండా తీసుకెళ్లారు. బయట పంపు దగ్గర బకెట్ పెట్టుకుని చేత్తో ఉతుక్కోండి.”

చేత్తో ఉతికితే మరీ మంచిదని, గోరువెచ్చటి నీళ్లలో కాసేపు నానబెట్టి నాలుగు జాడింపులు చాలని మేనల్లుడు అన్నాడు. ఎవరు ఉతకాలన్నది మాత్రం ఎవరూ అనలేదు. మామయ్య బకెట్ అందుకుని, “గోరువెచ్చన అంటే ఎంత?” అని అడిగాడు.

“చెయ్యి పెడితే కాలకూడదు మామయ్యా. కాలితే కొళాయి నీళ్లు కలపండి.”

“కొళాయివా, ఏసీవా?”

“గుడ్డలకి కొళాయివి చాలు. ఏసీవి కారుకి దాచండి.”